నూరు శాతం సీపీయూ: చేసేదెవరు, చేయించేదెవరు?

ఇంటర్ హాల్‌టికెట్ల రోజులు. మండలాఫీసు ఎదురుగా ఉన్న మా బావమరిది జిరాక్స్ షాపులో పదిహేను మంది పిల్లలు చేతిలో నంబర్లు పట్టుకుని నిలబడ్డారు. ఒక క్లిక్కు నొక్కితే పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. టేబుల్ కింద సీపీయూ డబ్బాలో ఫ్యాను పిండిమరలా మోగుతోంది. “బావా, దీనికి ఫార్మాట్ కొట్టించాల్సిందే. నిన్న కుర్రాడొచ్చి చూసి ఐదొందలవుతుందన్నాడు” అన్నాడు వాడు. టాస్క్ మేనేజర్ తెరిచాను. జాబితాలో అందరికంటే పైన ఉన్నది ప్రింట్ స్పూలర్. అది రెండు కోర్ల పాత మిషన్. అందులో సరిగ్గా సగం అదొక్కటే తినేస్తోంది.

“దాని సంగతి నాకు తెలుసు. రోజూ ఎండ్ టాస్క్ కొడతాను, కాసేపు ఊరుకుని మళ్ళీ వస్తుంది” అన్నాడు. రాక ఏం చేస్తుంది? పడిపోతే మళ్ళీ లేపమని ఆ సర్వీసు గురించి విండోస్‌కు ముందే చెప్పి ఉంటుంది. ప్రింట్ క్యూ తెరిచి చూస్తే అసలు విషయం బయటపడింది. రిపేరుకు వెళ్ళిన రంగుల ప్రింటర్‌కు పది రోజుల కిందట పంపిన పెళ్ళిపత్రిక సగంలో చెడిపోయి అక్కడే ఇరుక్కుంది. స్పూలర్ దాన్ని తీయడం, నెట్టలేకపోవడం, మళ్ళీ తీయడం. సర్వీసును ఆపాను. సి డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో స్పూల్, చివర ప్రింటర్స్ అనే ఫోల్డర్. అందులో ఉన్న రెండు ఫైళ్ళు తుడిచేసి, సర్వీసును తిరిగి మొదలుపెట్టాను. ఫ్యాను చల్లబడింది. క్యూ కదిలింది, ప్రింటర్‌దీ పిల్లలదీ కూడా.

స్పూలర్ చేసిన తప్పేమీ లేదు. చెప్పిన పని చేస్తోంది, అంతే. ఆ పని తెమలడం లేదు. కంప్యూటర్ వేడెక్కినప్పుడల్లా మనం అడిగే ప్రశ్న “ఏ సర్వీసును ఆపాలి?” అన్నది. “ఈ సర్వీసు ఎవరి పని చేస్తోంది, అది ఎందుకు పూర్తి కావడం లేదు?” అని అడిగేవాళ్ళు తక్కువ. ఇరవై అయిదేళ్ళుగా ఈ సమస్యకు జనం చెప్పుకుంటూ వస్తున్న మందులన్నింటినీ ఈ రెండు ప్రశ్నల మధ్య తేడాతో తూచవచ్చు. మొదటి ప్రశ్నతో బయల్దేరినవాళ్ళది ఎక్కువగా అత్త మీది కోపం దుత్త మీద చూపించడమే.

అయితే ముందు ఆ అంకెను చదవడం రావాలి. టాస్క్ మేనేజర్ చూపేది మొత్తం ప్రాసెసర్‌లో వాటా. ఎనిమిది లాజికల్ కోర్లున్న ల్యాప్‌టాప్‌లో ఒక సర్వీసు పన్నెండున్నర శాతం దగ్గర కదలకుండా ఉంటే, పన్నెండే కదా అని వదిలేస్తాం. నూరును ఎనిమిదితో భాగిస్తే వచ్చేది అదే. అంటే ఒక కోర్‌ను అది నిండా ఆక్రమించింది. నాలుగు కోర్లయితే 25, రెండయితే మా వాడి షాపులోలా 50. అంకె ఎగుడుదిగుడుగా ఊగుతుంటే పని నడుస్తోందని అనుకోవచ్చు. ఈ గీతల దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోతే మాత్రం లోపల ఒక థ్రెడ్ గానుగెద్దులా తిరుగుతోందని నా మొదటి అనుమానం. లినక్స్‌లో టాప్ కమాండ్‌దీ, మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్‌దీ వేరే లెక్క. అక్కడ ఒక్క కోర్ నిండితేనే నూరు చూపిస్తాయి కాబట్టి నాలుగు కోర్ల మిషన్లో 400 దాకా పోవచ్చు. ఆ అంకె చూసి కంగారు పడి ఫోన్ చేసినవాళ్ళు నాకు తెలుసు.

ఇంకో పాత అపార్థం సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్. 95 శాతం తింటోంది, దీన్ని ఎలా చంపాలి అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అది ప్రాసెసర్ ఖాళీగా ఉన్న సమయానికి పెట్టిన పేరు. అది ఎంత ఎక్కువుంటే అంత మంచిది.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ప్రాసెసర్ మరీ కాగితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. నిన్న 30 శాతంలో అయిన పని ఇవాళ 60 చూపిస్తుంది. మే నెలలో, ఏసీ లేని గదిలో, రెండేళ్ళుగా దుమ్ము దులపని ఫ్యానుతో నడిచే కంప్యూటర్‌లో ఏ సర్వీసును ఆపినా ఒరిగేది తక్కువ. మ్యాక్ వాడేవాళ్ళు తిట్టుకునే కెర్నల్ టాస్క్ కథా ఇదే. మిషన్ వేడెక్కినప్పుడు ఇతర ప్రోగ్రాములకు ప్రాసెసర్ చిక్కకుండా చేసి చల్లబరచడం దాని విధుల్లో ఒకటని ఆపిల్ సంస్థే చెబుతుంది. అంటే అది కాపలాదారు. దాన్ని దొంగ అనుకుంటున్నాం.

విండోస్‌లో అందరికంటే ఎక్కువ నింద మోసిన పేరు ఎస్‌వీసీహోస్ట్. విండోస్ 2000తో వచ్చిన దీనికి సొంత పనంటూ లేదు. డీఎల్‌ఎల్ ఫైళ్ళ రూపంలో ఉండే సర్వీసులకు అది అద్దె ఇల్లు. మెమరీని మెగాబైట్లలో పొదుపు చేసుకునే రోజులు కాబట్టి ఒకే ఇంట్లో పది సర్వీసులను పెట్టి ఉమ్మడి కాపురం చేయించారు. ఖర్చు కలిసొచ్చింది, లెక్క చెడింది. ఇంట్లోంచి పొగ వస్తోందని తెలుస్తుంది కానీ, పొయ్యి ఎవరు వెలిగించారో బయటి నుంచి కనిపించదు. విసిగి ఆ ప్రాసెస్‌ను చంపితే దానితో పాటు శబ్దమో, నెట్టో, ఇంకేదో పోయేది. చివరికి 2017లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వేరు కాపురాలు పెట్టించారు. మెమరీ మూడున్నర గిగాబైట్లకు పైగా ఉంటే చాలా సర్వీసులకు ఎవరి ఎస్‌వీసీహోస్ట్ వారిదే. ఇప్పుడు టాస్క్ మేనేజర్‌లో డెబ్భై ఎనభై ఎస్‌వీసీహోస్ట్‌లు కనిపిస్తే భయపడాల్సిన పని లేదు. నా మటుకు ఈ సమస్యలో మైక్రోసాఫ్ట్ చేసిన అతి పెద్ద మరమ్మతు ఇదే. ఇది ఏ సర్వీసునూ వేగవంతం చేయలేదు. ఎవరు చేస్తున్నారో కనిపించేలా చేసింది, అంతే.

ఆ ఉమ్మడి కాపురం రోజుల్లోనే ఈ ప్రశ్నకు అత్యంత ముఖ్యమైన కేసు నడిచింది. 2013లో, విండోస్ ఎక్స్‌పీ చివరి రోజుల్లో, లక్షణంగా ఉన్న కంప్యూటర్లు ఆన్ చేయగానే ఎస్‌వీసీహోస్ట్ నూరు శాతానికి ఎక్కి, పావుగంట మొదలుకొని గంటల తరబడి దిగేది కాదు. లోపల తిరుగుతున్నది విండోస్ అప్‌డేట్. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు వచ్చే ప్రతి కొత్త అప్‌డేట్ పాతదాన్ని రద్దు చేస్తుంది, ఆ పాతది అంతకు ముందుదాన్ని రద్దు చేసి ఉంటుంది. స్థలం కొనేటప్పుడు లాయరు చూసే లింకు డాక్యుమెంట్ల లాంటి గొలుసు. గొలుసు ఎంత పొడుగైనా ఒక్కో దస్తావేజును ఒక్కసారి చూస్తే పని తెమిలిపోతుంది. కానీ అప్‌డేట్ వాడిన పద్ధతిలో గొలుసుకు ఒక లింకు చేరినప్పుడల్లా పని రెట్టింపయ్యేది. పది లింకులకు వెయ్యి తనిఖీలు, ఇరవైకి పది లక్షలు, ముప్ఫైకి నూరు కోట్లు దాటతాయి. 2001లో ఎక్స్‌పీ వచ్చినప్పుడు గొలుసు లేదు కనుక తప్పూ కనిపించలేదు. పన్నెండేళ్ళ తర్వాత అదే తప్పు దేశదేశాల కంప్యూటర్ల మెడకు చుట్టుకుంది. ఏడాది చివర్లో చేసిన సవరణలు ఫలించలేదు. 2014 జనవరిలో కాలం చెల్లిన పాత అప్‌డేట్లను సర్వర్ జాబితా నుంచే తీసేశాక ఉపశమనం దొరికింది. అప్పటికి ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోవడానికి మూడు నెలలే ఉంది.

గమనించాల్సింది, మందు మన ఇంట్లో లేదు. ఆ ఏడాది ఎన్ని లక్షల మంది ఫార్మాట్ కొట్టించుకుని ఉంటారో! కొత్తగా వేసిన ఎక్స్‌పీ మొదట చేసేది అప్‌డేట్ల కోసం వెతకడమే. అంటే ఫార్మాట్ కొట్టిస్తే అదే గొలుసు మొదటి నుంచి. విండోస్ 7కు 2015, 16లలో దాదాపు ఇదే జబ్బు సోకింది. వెతుకులాట గంటలు పట్టేది. 2016 అక్టోబరు నుంచి నెలకొక ఉమ్మడి అప్‌డేట్ ఇచ్చే పద్ధతికి మైక్రోసాఫ్ట్ మారాక గొలుసు పొట్టిదైంది.

విండోస్‌కే ఈ శాపం అనుకునేవాళ్ళకు 2012 నాటి లీప్ సెకను గుర్తు చేయాలి. భూమి తిరుగుడుకూ అణు గడియారానికీ పొంతన కుదర్చడానికి ఆ ఏడాది జూన్ 30 చివర ఒక సెకను కలిపారు. మన లెక్కలో జులై 1, ఆదివారం తెల్లవారుజామున 5:29:59 తర్వాత 5:29:60 వచ్చింది. ఆ క్షణాన ప్రపంచమంతటా లినక్స్ సర్వర్లలో జావా, మైఎస్‌క్యూఎల్ సర్వీసులు నూరు శాతానికి ఎగబాకాయి. రెడిట్ కుప్పకూలింది. క్వాంటాస్ విమానాల చెకిన్ ఆగి ప్రయాణికులు బారులు తీరారు. తమ సర్వర్ కేంద్రాల్లో కరెంటు వాడకం ఒక మెగావాట్ దాకా పెరిగిందని జర్మనీ సంస్థ హెట్స్‌నర్ ఖాతాదారులకు చెప్పింది. జరిగిందేమంటే, కెర్నల్ గడియారంలో సెకను చేరింది కానీ టైమర్లు చూసే భాగానికి ఆ కబురు అందలేదు. అది ఒక సెకను ముందు నడుస్తోంది. “అర సెకను ఆగి లేపు” అని పడుకున్న ప్రోగ్రాముకు “టైమైపోయింది లే” అని వెంటనే చెబుతుంది. లేస్తే పని ఉండదు, మళ్ళీ పడుకుంటుంది, మళ్ళీ లేపుతుంది. సెకనుకు వేలసార్లు ఇదే తంతు. మందు ఏమిటో తెలుసా? గడియారానికి అది చూపిస్తున్న టైమునే మళ్ళీ దిద్దడం. ఒక్క లైను కమాండు. జావాను దులిపినా, డేటాబేస్‌ను ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా తగ్గని జ్వరం దానితో దిగిపోయింది. ఈ లీప్ సెకను తంటానే 2035 నాటికి వదిలించుకోవాలని 2022లో అంతర్జాతీయ తూనికల, కొలతల మహాసభ తీర్మానించింది.

ఇక “ఆపేద్దాం” అనే వర్గం మాట. ఎక్స్‌పీ కాలం నుంచి ఏయే సర్వీసులు అనవసరమో జాబితాలు చేతులు మారుతూ వస్తున్నాయి. విస్టాతో వచ్చిన సూపర్‌ఫెచ్, దానికే తర్వాత వచ్చిన పేరు సిస్‌మెయిన్, విండోస్ సెర్చ్, టెలిమెట్రీ, ఇవి ఆ జాబితాల్లో శాశ్వత ముద్దాయిలు. వీళ్ళను నేను పూర్తిగా కొట్టిపారేయను. పాత హార్డ్‌డిస్క్ మీద, తక్కువ మెమరీతో నడిచే మిషన్లో సిస్‌మెయిన్‌ను ఆపితే కొంత ఊపిరి ఆడిన సందర్భాలు చూశాను. కానీ అక్కడ నిండుతున్నది సీపీయూ కంటే డిస్కు. టాస్క్ మేనేజర్‌లో ఈ రెండు నిలువు వరుసలనూ కలిపి చదవడం చాలామంది చేసే పొరపాటు. సెర్చ్ ఇండెక్సర్ అయితే మనం పని చేసుకుంటుంటే తనంతట తానే నెమ్మదిస్తుంది. కొత్తగా ఫోటోల గుట్ట కాపీ చేసినప్పుడు రెండు మూడు గంటలు దాని మానాన దాన్ని వదిలేస్తే ముగించి కూర్చుంటుంది. మధ్యలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, ఇండెక్స్ తుడిచి మొదటికి తెచ్చేవాళ్ళే దాన్ని తెమలనివ్వరు.

ఆపడమే జబ్బయిన కేసూ ఉంది. 2019 ఆగస్టు చివర్లో విండోస్ 10కు వచ్చిన ఒక ఐచ్ఛిక అప్‌డేట్ తర్వాత కోర్టానా తాలూకు సెర్చ్‌యూఐ ప్రాసెస్ విపరీతంగా సీపీయూ తినడం మొదలుపెట్టింది. అందరికీ కాదు, స్టార్ట్ మెనూ నుంచి వెబ్‌లో వెతకడాన్ని ఆపేసుకున్నవాళ్ళకే అని మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంది. సవరణ సెప్టెంబరు 10న వచ్చింది. ఆ పది రోజులూ కంప్యూటర్‌ను తేలిక చేసుకున్నామని మురిసిపోయినవాళ్ళకే బరువు. అంతకు ముందు 2010 ఏప్రిల్‌లో మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి అసలైన ఎస్‌వీసీహోస్ట్‌నే వైరస్ అనుకుని పట్టుకుపోయింది. ఆఫీసులూ ఆస్పత్రులూ తేడా లేకుండా ఎక్స్‌పీ మిషన్లు నెట్ కోల్పోయి, మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ అవుతూ ఉండిపోయాయి. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అంటే అచ్చంగా ఇది.

ఇప్పటి విండోస్ కంప్యూటర్లలో ఎక్కువ ఫిర్యాదులు యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ మీద. అంటే డిఫెండర్. నిర్ణీత సమయపు స్కాన్‌లో సీపీయూ సగటున 50 శాతం దాటకూడదని దానికి ముందే ఒక హద్దు ఉంది. పవర్‌షెల్‌లో దాన్ని 20కో 30కో దించుకోవచ్చు. స్కాన్ ఆలస్యమవుతుంది, పని సాగుతుంది. అయితే రోజంతా తినేది స్కాన్ కాదు, ప్రతి ఫైలునూ తాకగానే చూసే కాపలా. హైదరాబాద్ హాస్టల్ గదుల్లో కోడింగ్ చేసే పిల్లలకు ఇది బాగా తెలుసు. ఒక్క బిల్డ్ కొడితే వేల చిన్న ఫైళ్ళు పుడతాయి, ఒక్కోదాన్నీ డిఫెండర్ వాసన చూస్తుంది. ఆ బిల్డ్ ఫోల్డర్ ఒక్కదానికి మినహాయింపు ఇస్తే సరిపోతుంది. మొత్తం సి డ్రైవ్‌కు మినహాయింపు ఇచ్చుకున్న ఒక ఘనుణ్ణి చూశాను. తలుపు తాళం సతాయిస్తోందని తలుపే పీకేసినట్టు.

డిఫెండర్‌ది నిజంగానే తప్పయిన సందర్భం ఫైర్‌ఫాక్స్ వ్యవహారం. ఫైర్‌ఫాక్స్ తెరిస్తే చాలు డిఫెండర్ సీపీయూ ఎక్కుతోందని 2018లో నమోదైన ఫిర్యాదు అయిదేళ్ళు నలిగింది. ఫైర్‌ఫాక్స్ మెమరీ అనుమతులను తరచుగా మార్చుకుంటుంది. మార్చినప్పుడల్లా పుట్టే సంకేతాన్ని డిఫెండర్ ఒక్కటొక్కటిగా, అవసరానికి మించిన శ్రమతో చదివేది. మొజిల్లా ఇంజినీర్లు మూలం పట్టి చూపించాక 2023 వసంతంలో మైక్రోసాఫ్ట్ దిద్దింది. ఫైర్‌ఫాక్స్‌లో సైట్లు చూసేటప్పుడు డిఫెండర్ సీపీయూ వాడకం దాదాపు 75 శాతం తగ్గిందని కొలతలు చెప్పాయి. అయిదేళ్ళ పాటు జనం బ్రౌజర్‌ను తిట్టారు, లేదంటే డిఫెండర్‌ను ఆపుకున్నారు. తగువు రెంటి మధ్యదని తేల్చింది కొలిచినవాళ్ళే.

డబ్ల్యూఎంఐ ప్రొవైడర్ హోస్ట్ అనే మరో నిత్య ముద్దాయిదీ ఇదే బాపతు. బ్యాటరీ ఎంతుంది, ఫ్యాను వేగమెంత అని ఇతర ప్రోగ్రాములు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పే గుమాస్తా అది. సెకనుకు పదిసార్లు అడిగేవాడుంటే గుమాస్తా ఏం చేస్తాడు? ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూఎంఐ యాక్టివిటీ అనే లాగ్ తెరిస్తే, విఫలమైన ప్రశ్నల పక్కన అడిగినవాడి ప్రాసెస్ నంబరు ఉంటుంది. ఆ నంబరును టాస్క్ మేనేజర్ డీటెయిల్స్‌లో వెతికితే, చాలాసార్లు ల్యాప్‌టాప్ కంపెనీ ఉచితంగా కట్టబెట్టిన ఏదో యుటిలిటీ దొరుకుతుంది. దాన్ని తీసేస్తే గుమాస్తా ఊపిరి పీల్చుకుంటాడు. ఈ వెతుకులాట విద్యకు ఆద్యుడు మార్క్ రుసినోవిచ్. ఆయన రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ 2006లో సిస్‌ఇంటర్నల్స్‌తో పాటు మైక్రోసాఫ్ట్ చేతికి వచ్చింది. ఏ ప్రాసెస్ అన్నదే కాదు, అందులో ఏ థ్రెడ్ ఏ ఫైలులో తిరుగుతోందో కూడా అది చూపిస్తుంది. టాస్క్ మేనేజర్ స్టెతస్కోప్ అయితే ఇది ఎక్స్‌రే.

నిజమైన దొంగలూ లేకపోలేదు. కాయిన్‌హైవ్ అనే సేవ 2017 నుంచి 2019 మార్చి దాకా నడిచింది. వెబ్ పేజీలో దాని కోడ్ పెడితే చాలు, పేజీ చూసేవాళ్ళ ప్రాసెసర్ వాళ్ళకు తెలియకుండా క్రిప్టో నాణేలు తవ్వేది. 2018 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ, తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల మున్సిపాలిటీల వెబ్‌సైట్లలో ఇలాంటి కోడ్ దొరికిందని పత్రికల్లో వచ్చింది. పన్ను కట్టడానికి సైటు తెరిచిన పౌరుడు తెలియకుండా మరో పన్ను కట్టాడన్నమాట. అది బ్రౌజర్‌లో జరిగేది, ట్యాబ్ మూస్తే పోయేది. పైరసీ సాఫ్ట్‌వేర్‌తో, యాక్టివేషన్ క్రాక్‌లతో దిగేవి మొండి సరుకు. ఎస్‌వీసీహోస్ట్ పేరే పెట్టుకుని సర్వీసుల్లో కలిసిపోతాయి. కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే తవ్వకం ఆపి బుద్ధిగా కూర్చుంటాయి. తెరిస్తే ఫ్యాను ఆగి, మూస్తే మోగుతుంటే అనుమానించాల్సిందే. అసలు ఎస్‌వీసీహోస్ట్ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్ డైరెక్టరీలోనే ఉంటుంది, దాన్ని పుట్టించేది సర్వీసెస్ అనే ప్రాసెస్. యూజర్ ఫోల్డర్‌లోంచో టెంప్ లోంచో నడుస్తుంటే అది వేషగాడు.

లినక్స్‌వాళ్ళకు ఒక సదుపాయం ఎక్కువ. సర్వీసును చంపకుండానే సిస్టమ్‌డీలో సీపీయూ కోటా పెట్టి, ఇంతకు మించి తినకు అని కంచంలో కొలిచి వడ్డించవచ్చు. కారణం వెతికేలోపు మిగతా పనులు నడుస్తాయి. అలా వడ్డించి, కారణం సంగతి మరిచిపోయినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

నా వరకు వరుస ఇది. అప్‌డేట్ వచ్చిన రోజైతే కరెంటుకు తగిలించి ఓ పూట వదిలేస్తాను. మర్నాటికీ తగ్గకపోతే షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ ఇస్తాను. ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో కెర్నల్ పూర్తిగా కొత్తగా మొదలవదు. అప్పటికీ ఉంటే ఏ రోజున మొదలైంది, ఆ రోజు ఏం మారింది అని అడుగుతాను. కొత్త ప్రింటరా, కొత్త యాంటీవైరస్సా, రెండో యాంటీవైరస్సా? ఈ ప్రశ్నకే సగం కేసులు తేలిపోతాయి. ఆ తర్వాతే పరికరాలు. ఫార్మాట్ చిట్టచివరన. అది జబ్బుతో పాటు ఆధారాలనూ తుడిచేస్తుంది.

మా బావమరిది మిషన్ పొద్దున ఆన్ చేశాక పదిహేను నిమిషాలు ఇంకా నత్తనడకే. ఆ వేళ టాస్క్ మేనేజర్‌లో సీపీయూ 30 దగ్గర ఉంటుంది, డిస్కు మాత్రం నూరు. పాత హార్డ్‌డిస్క్, నాలుగు గిగాబైట్ల మెమరీ. ఎస్‌ఎస్‌డీ వేయించమన్నాను. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, ఆ ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదు, కనుక పెట్టే డబ్బు ఎన్నాళ్ళకో చూసుకోమని కూడా చెప్పాను. “చూద్దాంలే బావా, పరీక్షలు అవనీ” అన్నాడు. డిఫాల్ట్ ప్రింటర్‌ను నలుపు తెలుపుదానికి మార్చి వచ్చాను. రంగులది రిపేరు నుంచి ఇంకా రాలేదు.